సిమ్లిపాల్ నల్లపులులు: ఇది సహజవరణమా, ఒట్టి యాదృచ్ఛికమా?

మొద్దబ్బాయి | ఆదివారం రాత్రి 8:12
అందరికీ నమస్కారం. ఒడిశాలోని సిమ్లిపాల్ నల్లపులుల వీడియో ఒకటి మా ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతోంది. కింద ఒకాయన "చీకటి అడవిలో దాక్కోవడానికి పులులు రంగు మార్చుకున్నాయి, డార్విన్ చెప్పిన సహజవరణం ఇదే" అని రాశారు. ఇంకొకాయన "చిరుతతో సంకరం" అని తేల్చేశారు. నేను బీకామ్. జీన్ అంటే ఏమిటో తెలుసు, అంతవరకే. నాకు అర్థం కానిది ఏంటంటే, అడవిలో తిరిగే జంతువును పట్టుకోకుండానే దాని డీఎన్‌ఏ చదివి, ఆ జాతి ఎలా మారుతోందో నిజంగా చెప్పగలరా? లేక ఇదంతా తర్వాత తీరిగ్గా అల్లే కథా?

ల్యాబ్‌కోటు | ఆదివారం రాత్రి 8:55
చిరుత సంకరం మాట ముందు పక్కన పెట్టేద్దాం. అది అచ్చమైన పులే. నిజానికి పూర్తి నలుపు కూడా కాదు. ఫొటో పెద్దది చేసి చూడండి, నల్లచారలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, సందుల్లో పసుపు కనిపిస్తూనే ఉంటుంది.

2021లో బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కి చెందిన ఉమా రామకృష్ణన్ బృందం దీని కారణం పట్టుకుంది. ఎలా పట్టుకున్నారన్నదే అసలు విషయం. భువనేశ్వర్ నందన్‌కానన్ జూలో నల్లపులులు, మామూలు పులులు కలిసిన కుటుంబాలున్నాయి. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ పిల్ల ఏ రంగు, అన్నీ రికార్డులో ఉంటాయి. వాటి జీనోమ్, అంటే డీఎన్‌ఏ మొత్తం చదివి, నల్లవాటన్నిటిలో రెండు కాపీలుగా ఉండి మామూలు వాటిలో అలా లేనిది ఏమిటా అని వెతికారు. టాక్‌పెప్ అనే జీన్‌లో ఒకే ఒక్క అక్షరం మార్పు దగ్గర తేలింది. దానివల్ల ప్రొటీన్‌లో 454వ స్థానంలో హిస్టిడీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట టైరోసిన్ అనేది వస్తుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ మారిన కాపీలే వస్తేనే నలుపు. ఒక్కటే వస్తే పులి మామూలుగానే కనిపిస్తుంది, మార్పును మాత్రం లోపల మోస్తూ ఉంటుంది.

ఈ జీన్ కొత్తదేం కాదు. ఇళ్లలో తిరిగే పిల్లుల్లో కొన్నిటికి సన్న చారల బదులు పెద్ద సుడుల్లాంటి మచ్చలు ఉంటాయి చూడండి, దానికి కారణం ఇదే జీన్. ఆఫ్రికాలో "కింగ్ చీతా" అనే గీతల చీతాకూ ఇదే. ఆ సంగతి 2012లోనే తేలింది.

ఇక అసలు విశేషం. సిమ్లిపాల్ బయట 395 పులుల్ని పరీక్షిస్తే ఈ మార్పు జూ పులుల్లో మాత్రమే కనిపించింది, అదీ పూర్వీకుల్లో ఎవరో ఒకరు సిమ్లిపాల్ నుంచి వచ్చిన వాటిలోనే. బయటి అడవి పులుల్లో ఒక్కదానిలోనూ లేదు. సిమ్లిపాల్‌లో మాత్రం ఆ జీన్ కాపీల్లో 58 శాతం మారినవే.

లెక్కలమాస్టారు | ఆదివారం రాత్రి 9:20
58 శాతం అంటే 0.58. తల్లి వైపు నుంచి మారిన కాపీ వచ్చే అవకాశం 0.58, తండ్రి వైపు నుంచీ అంతే. రెండూ మారినవే కావాలంటే 0.58 × 0.58 = 0.3364. సుమారు 34 శాతం, అంటే మూడు పులుల్లో ఒకటి నల్లగా ఉండాలి. కెమెరా ట్రాప్‌లలో కనిపించేదీ ఇంచుమించు అదే కదా? ఇంకో సంగతి, 2 × 0.58 × 0.42 = 0.4872. అంటే దాదాపు సగం పులులు పైకి మామూలుగా కనిపిస్తూ ఒక కాపీ మోస్తున్నట్టు. కంటితో చూసి లెక్కపెట్టేవాడికి ఈ సగం ఎప్పటికీ దొరకదు.

ల్యాబ్‌కోటు | ఆదివారం రాత్రి 9:26
@లెక్కలమాస్టారు అవునండీ, కెమెరాల్లోనూ మూడింట ఒక వంతుకు కాస్త పైనే.

పరిశీలకుడు_62 | ఆదివారం రాత్రి 10:03
నేను ముప్పై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి. సిమ్లిపాల్ గుగ్గిలం చెట్ల అడవి. పైన ఆకులు మూసుకుపోతే కింద మధ్యాహ్నం కూడా మసకే. అలాంటి చోట ముదురు రంగు పులిని జింక ఆలస్యంగా పసిగడుతుంది, దానికి వేట సులువు, పిల్లలు ఎక్కువ. మసి పట్టిన చెట్ల మీద ముదురు రంగు చిమ్మటలు పెరిగిన పెప్పర్డ్ మాత్ కథ పదో తరగతి పిల్లాడికీ తెలుసు. ఇంత స్పష్టమైన సహజవరణం కళ్లముందు కనిపిస్తుంటే యాదృచ్ఛికం అనడం ఎందుకో అర్థం కాదు.

ల్యాబ్‌కోటు | ఆదివారం రాత్రి 10:31
నమస్కారం సార్. కథ బాగుంది, అందుకే దాన్ని ఇంకాస్త అనుమానించాలంటాను. చీకటి అడవులు పశ్చిమ కనుమల్లోనూ ఉన్నాయి, ఈశాన్యంలోనూ ఉన్నాయి. అక్కడ ఈ మార్పు జాడే లేదు. సిమ్లిపాల్‌కి ఉన్న ప్రత్యేకత చీకటి కాదు, ఒంటరితనం. చుట్టుపక్కల వేరే పులుల అడవితో రాకపోకలు దాదాపు లేవు. కొద్దిపాటి పులుల నుంచే ఇప్పుడున్న గుంపంతా వచ్చింది. ఆ కొద్దిమందిలో ఒకరిద్దరు ఈ మార్పు మోసినా చాలు, వరణం అవసరం లేకుండానే ఈ స్థాయికి చేరవచ్చని ఉమా రామకృష్ణన్ బృందం కంప్యూటర్ నమూనాలు చూపించాయి. వరణం అసలు లేదని ఎవరూ అనలేదు. అది లేకపోయినా ఇది జరగగలదు అన్నారు, అంతే.

గోదారి_గట్టు | ఆదివారం రాత్రి 10:48
ఏవండోయ్, నాకర్థమైంది చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యండి. మా లంకలో మొదట స్థిరపడింది నాలుగే కుటుంబాలంట. ఒకాయనకి అందరూ ఆడపిల్లలే, ఇంకొకాయన కొడుకులు వలస పోయారు. ఇప్పుడు ఊరంతా ఒకే ఇంటిపేరు. అలాగని ఆ ఇంటిపేరులో ఏదో మహత్తు ఉందని ఎవరూ అనరు కదా! పక్కనున్న పెద్ద ఊళ్లో అన్ని ఇంటిపేర్లూ అలాగే ఉన్నాయి. చిన్న గుంపులో ఏదో ఒకటి ఊరికే పెరిగిపోద్ది. పులుల సంగతీ ఇంతేనా?

ల్యాబ్‌కోటు | ఆదివారం రాత్రి 10:52
@గోదారి_గట్టు ఇంతే. నేను రేపు క్లాసులో వాడుకుంటాను, అభ్యంతరం లేదుగా?

మొద్దబ్బాయి | ఆదివారం రాత్రి 11:15
ఇది సరే. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. జూ పులి రక్తం తీయొచ్చు. అడవి పులి దగ్గరకెళ్లి "ఒకసారి చెయ్యి ఇవ్వమ్మా" అనలేరుగా?

నల్లమల_శీను | సోమవారం ఉదయం 6:40
ఇది నేను చెప్తా తమ్ముడూ. నేను ప్రొటెక్షన్ వాచర్‌గా చాలా రోజులు బేస్‌క్యాంప్‌లో ఉన్నా. పులి మలాన్ని మేము స్కాట్ అంటాం. పులి ఎక్కడపడితే అక్కడ పోదు. బండి బాటల మీద, దారులు కలిసే చోట, తన హద్దు తెలిసేలా వదులుతుంది. పక్కన కాలితో గీరిన గుర్తు ఉంటుంది. పరిశోధన చేసే పిల్లలు వచ్చినప్పుడు నేర్పించారు, మధ్యలో తవ్వి తియ్యకూడదని. మధ్యలో ఉండేది అది తిన్న దుప్పి, అడవిపంది బొచ్చు, ఎముక ముక్కలు. మనకు కావాల్సింది పై పొర. పేగులోంచి జారి వచ్చేటప్పుడు పులి సొంత కణాలు ఆ పై పొరకి అంటుకుంటాయంట. గ్లౌజులు వేసుకుని, దూదిపుల్ల తడిపి, మెరుస్తున్న చోట మెల్లగా తిప్పి తీసి, పుల్ల తల మటుకు విరిచి మందు ఉన్న చిన్న ట్యూబులో వెయ్యాలి. పైన నంబరు, తేదీ, జీపీఎస్. పుల్ల ఒకటి, స్కాట్ ఒకటి. ఒక పుల్లతో రెండు ముట్టుకుంటే రెండూ పాడే.

ఎండాకాలం పొద్దున్నే పోవాలి. పదకొండు దాటి ఎండ తగిలిందంటే పైన తెల్లగా పొడిబారుతుంది, అప్పుడు తీసినా ల్యాబ్‌లో ఏమీ రాదంటారు. వానాకాలం అయితే పేడపురుగులు మనకంటే ముందే పని పూర్తి చేస్తాయి.

ల్యాబ్‌కోటు | సోమవారం ఉదయం 9:05
అన్నా, మీరు రాసింది ప్రింటు తీసి మా ల్యాబ్‌లో అంటించాలి. ఆ ట్యూబులో వచ్చే డీఎన్‌ఏ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పులిది కొంచెం, మిగతాదంతా బ్యాక్టీరియాది, తిన్న జంతువుది. అందుకే స్కాట్‌తో సాధారణంగా జీనోమ్ మొత్తం చదవరు. ముందుగా రక్తం, కణజాలం దొరికిన పులుల నుంచి పూర్తి జీనోములు చదివి, పులికీ పులికీ తేడా వచ్చే స్థానాలు ఎంచుకుంటారు. తర్వాత స్కాట్‌లోనో, చెట్టుకి అంటుకున్న వెంట్రుకలోనో, వేట కళేబరం మీద ఉన్న లాలాజలంలోనో ఆ స్థానాల్ని మాత్రం చదువుతారు.

ఇందులో ఒక మోసం ఉంది. డీఎన్‌ఏ మరీ తక్కువగా ఉన్నప్పుడు రెండు కాపీల్లో ఒకటే యంత్రానికి దొరకొచ్చు. మాస్టారు లెక్కగట్టిన ఆ "సగం మంది మోసేవాళ్లు" ఉన్నారే, వాళ్లలో మారిన కాపీ జారిపోతే మార్పే లేని పులిలా కనిపిస్తుంది, మామూలు కాపీ జారిపోతే నల్లపులి అని వస్తుంది. అందుకని ఒక్కో నమూనాను మళ్లీ మళ్లీ చదివి, ఫలితాలు కలిసినవే లెక్కలోకి తీసుకుంటారు. పేపర్లలో ఈ భాగం ఎవరూ చదవరు. నాకు మటుకు ముందు చూడాల్సింది అదే అనిపిస్తుంది.

తులసికోట | సోమవారం ఉదయం 9:48
హైదరాబాద్ అత్తాపూర్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల వన్యప్రాణుల ల్యాబ్ లాకోన్స్ ఉంది కదా, అక్కడ చేసేదీ ఇదేనా? వండిన మాంసం కూడా జింకదో మేకదో చెప్పేస్తారని విన్నాను.

ల్యాబ్‌కోటు | సోమవారం ఉదయం 10:10
@తులసికోట మేడం, మీరు చెప్పింది ఇంకా తేలిక పని. ఏ జాతిదో తేల్చడానికి మైటోకాండ్రియాలోని ఒక చిన్న జీన్ ముక్క సరిపోతుంది. ఏ జంతువుకైనా పనికొచ్చే ప్రైమర్లు, అంటే కావాల్సిన జీన్ ముక్కను పట్టుకుని కాపీలు తీయడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, తయారుచేసింది సీసీఎంబీ వాళ్లే. వేట కేసుల్లో కోర్టుకెళ్లే రిపోర్టులకు అదే ఆధారం. లాకోన్స్‌లో అంతరించే జాతుల జన్యు అధ్యయనాలూ జరుగుతాయి. కానీ ఒక గుంపు ఎలా మారుతోందో చూడాలంటే ఒక్క జీన్ చాలదు, వేల స్థానాలు కావాలి.

ఉన్నమాటే_అంటా | సోమవారం మధ్యాహ్నం 12:30
ఇంత చదివాక కూడా పులి పులిగానే ఉంది. రంగు మారితే పరిణామం అంటారేంటి? పులి ఏనుగైతే అప్పుడు చెప్పండి.

హ్యూస్టన్_రావు | సోమవారం మధ్యాహ్నం 1:10
పులి ఏనుగు కాదులెండి, ఏనుగుల్లోనే ఒకటి చెప్తా. మొజాంబిక్‌లో గొరొంగోసా నేషనల్ పార్క్. 1977 నుంచి 1992 దాకా అక్కడ అంతర్యుద్ధం. రెండు పక్షాల సైన్యాలూ దంతాల కోసం, మాంసం కోసం ఏనుగుల్ని చంపాయి. 90 శాతానికి పైగా పోయాయి. యుద్ధానికి ముందు ఆడ ఏనుగుల్లో దంతాలు లేనివి 18.5 శాతం. యుద్ధం తర్వాత 50.9 శాతం. తర్వాత శాంతికాలంలో పుట్టిన ఆడవాటిలోనూ మూడో వంతుకి దంతాల్లేవు.

2021లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం దీని జీనోముల్ని చదివింది. మొత్తం 18 ఆడ ఏనుగులే, కొన్ని దంతాలున్నవి, కొన్ని లేనివి. తేడా గట్టిగా కనిపించిన చోట్లలో ఒకటి ఎక్స్ క్రోమోజోమ్ మీద అమెల్‌ఎక్స్ అనే జీన్ దగ్గర. పంటి ఎనామెల్ తయారీలో దాని పాత్ర ఉంది. మనుషుల్లో ఆ ప్రాంతం దెబ్బతింటే ఆడవాళ్లకి పై ముందరిపళ్ల పక్కనున్న పళ్లు సరిగా రావు, మగ పిండాలు బతకవు. ఏనుగు దంతం అంటే ఏంటనుకున్నారు? సరిగ్గా ఆ పక్కపన్నే, పొడుగ్గా పెరిగింది!

ఇది మగపిల్లల్ని చంపే మార్పు కావడంతో దంతాల్లేని తల్లులకు పుట్టే పిల్లల్లో మూడింట రెండు వంతులు ఆడవే. ఒక తరంలో తుపాకీ చేసిన పని అది.

పరిశీలకుడు_62 | సోమవారం మధ్యాహ్నం 2:25
ఇప్పుడు నా ప్రశ్నకి జవాబు చెప్పండి. అక్కడా గుంపు చిన్నదైపోయింది, ఇక్కడా గుంపు చిన్నదే. అక్కడ వరణం అంటారు, ఇక్కడ యాదృచ్ఛికం అంటారు. న్యాయం ఎక్కడుంది?

ల్యాబ్‌కోటు | సోమవారం సాయంత్రం 6:15
సార్, ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో ఇదే మంచిది. గొరొంగోసా అధ్యయనం చేసినవాళ్లూ మొదట ఇదే అనుమానించారు. వేట ఒత్తిడి లేకుండా కేవలం చావుల యాదృచ్ఛికం వల్ల 18.5 నుంచి 50.9కి చేరగలదా అని కంప్యూటర్ నమూనాలు నడిపారు. చేరే అవకాశం దాదాపు లేదని తేలింది. దంతాల్లేని ఆడవి దంతాలున్న వాటికంటే ఐదు రెట్లకు పైగా బతికి బయటపడ్డాయన్నది వాళ్ల అంచనా. పైగా ఎవడు చంపాడు, ఎందుకు చంపాడు, అన్నీ తెలిసిన విషయమే. సిమ్లిపాల్‌లో అదే లెక్క వేస్తే యాదృచ్ఛికం ఒక్కటే సరిపోతోంది. నల్లపులి ఎక్కువ వేటాడుతోందనో, ఎక్కువ కంటోందనో కొలిచిన ఆధారం లేదు.

డీఎన్‌ఏలో చూసే గుర్తు కూడా వేరు. యాదృచ్ఛికం జీనోమ్ మొత్తాన్నీ ఒకేలా తాకుతుంది, ఎక్కడ చూసినా వైవిధ్యం తగ్గుతుంది. వరణం మాత్రం తనకు కావాల్సిన జీన్‌ని పైకి లాగుతూ దాని ఇరుగుపొరుగు ముక్కల్నీ వెంట లాక్కొస్తుంది. కాబట్టి ఆ ఒక్క చోట మాత్రం వైవిధ్యం మిగతా జీనోమ్ కంటే బాగా పడిపోయి కనిపిస్తుంది. గుంపు మరీ చిన్నదైతే మొత్తం జీనోమే పడిపోయి ఉంటుంది, ఆ గుంట కంటికి ఆనదు. అందుకే సిమ్లిపాల్‌లో "వరణం లేదు" అని ఎవరూ ప్రమాణం చెయ్యలేకపోతున్నారు.

@ఉన్నమాటే_అంటా గారూ, తరం నుంచి తరానికి ఒక గుంపులో జీన్ రకాల వాటా మారడాన్నే పరిణామం అంటారు. వరణం వల్ల మారినా, యాదృచ్ఛికంగా మారినా. కింగ్ చీతాను 1927లో ఏకంగా కొత్త జాతి అని పేరు పెట్టేశారు. మామూలు చీతాకు పుట్టిన పిల్లే అని 1981లో దక్షిణాఫ్రికాలో కళ్లారా చూశారు.

చిత్తూరు_చిన్నోడు | సోమవారం రాత్రి 8:02
మాది పలమనేరు పక్క. కౌండిన్య ఏనుగులు చెరుకు తోటల్లోకి వస్తానే ఉంటాయి. మా దగ్గర దంతం లేని మగ ఏనుగుని మఖనా అంటారు. అంటే మన దగ్గరా దంతాల వేటగాళ్ల వల్లే ఇట్లా అయినాయా?

హ్యూస్టన్_రావు | సోమవారం రాత్రి 8:30
తమ్ముడూ, ఆ కథ ఇక్కడికి నేరుగా అతకదు. ఆసియా ఏనుగుల్లో ఆడవాటికి మామూలుగానే బయటికి దంతాలు రావు. గొరొంగోసా మార్పు మగవాటిని పుట్టకముందే చంపుతుంది. మఖనా అంటే పెరిగి పెద్దదైన మగ ఏనుగు. కాబట్టి ఇక్కడ నడిచేది వేరే యంత్రాంగం అయ్యుండాలి. వేట ఒత్తిడి ఏమీ లేదని కాదు, ఆఫ్రికా జీన్‌ని తెచ్చి దీనికి తగిలించకూడదని.

నిర్వాహకులు | సోమవారం రాత్రి 9:00
రెండు వ్యాఖ్యలు తొలగించాం. కులాల గురించి, పెళ్లిసంబంధాల గురించి మాట్లాడాలంటే వేరే దారం తెరవండి. అక్కడా తొలగిస్తాం.

తులసికోట | సోమవారం రాత్రి 9:35
నాకు ఇంకో దిగులు. ఊరంతా ఒకే ఇంటిపేరైనట్టు, ఆ అడవంతా ఒకే కుటుంబం అయిపోయినట్టేగా? అది మంచిది కాదు కదా. విశాఖ జూలో తెల్లపులిని చూసినప్పుడూ ఇదే అనుకున్నాను. ఆ రంగు కోసం దగ్గరి సంబంధాల్లోనే కలిపి పెంచారని చదివాను.

ల్యాబ్‌కోటు | సోమవారం రాత్రి 10:20
మేడం, సరిగ్గా అక్కడికే వచ్చారు. నల్లరంగు ఆ పులికి చెడు చేస్తోందని ఆధారం లేదు. కానీ ఈ మార్పు ఇంతగా పెరిగిందంటే కంటికి కనపడని చెడ్డ మార్పులు కూడా అలాగే పెరిగే అవకాశం ఉంది. రాజస్థాన్‌లోని రణథంబోర్ పులుల జీనోముల్లో ఆ రకం జాడలు కనిపించాయి. తల్లి వైపు, తండ్రి వైపు అచ్చం ఒకేలా ఉండే పొడుగాటి ముక్కలు అక్కడి పులుల్లో ఎక్కువ. మరీ ప్రమాదకరమైన మార్పులు కొన్ని ఏరివేత అయిపోయినా, మిగిలినవి రెండేసి కాపీలై కూర్చుంటున్నాయి.

అమెరికాలోని ఫ్లోరిడాలో ప్యూమాలనే పెద్ద అడవిపిల్లుల పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేది. వంకర తోకలు, గుండె లోపాలు, మగవాటిలో దిగని వృషణాలు. 1995లో టెక్సస్ నుంచి ఎనిమిది ఆడవాటిని తెచ్చి వదిలారు. తర్వాత సంఖ్య మూడింతలైంది, జన్యు వైవిధ్యం రెట్టింపయింది. 2024 చివర్లో మహారాష్ట్ర తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులుల్ని సిమ్లిపాల్‌కి తెచ్చింది ఆ ఆలోచనతోనే.

నల్లమల_శీను | సోమవారం రాత్రి 10:41
జీనత్ ఊరుకుందా మరి! జార్ఖండ్ దాటి బెంగాల్ పోయింది. పురూలియా, బాంకురా అంతా తిప్పించి డిసెంబర్ 29న మత్తిచ్చి పట్టుకున్నారు. కొత్తచోట వదిలిన పులి ఇంటి దిక్కు వెతుక్కుంటుంది, అది పేపర్లో రాసినోళ్లకి తెలియదు. ఆ నెలంతా అక్కడి సిబ్బంది పడ్డ టెన్షన్ నేను ఊహించగలను. తాడోబా నుంచి మన కవ్వాల్‌కి పులులు వాటంతట అవే నడిచి వస్తున్నాయి. దారి ఉంటే వ్యాన్ అక్కర్లేదు. దారి కాపాడే పనికి మటుకు ఎవరూ ఫొటోలు దిగరు.

పరిశీలకుడు_62 | మంగళవారం ఉదయం 7:15
శీనుగారి మాటతో ఏకీభవిస్తాను. నలుపు విషయంలో మాత్రం నా అభిప్రాయం అలాగే ఉంది. కొత్త రక్తం కలిశాక కూడా నల్లపులుల వాటా తగ్గకుండా నిలబడితే అప్పుడు మాట్లాడదాం.

ల్యాబ్‌కోటు | మంగళవారం ఉదయం 8:50
ఒప్పుకుంటాను సార్, అది నిజమైన పరీక్షే. కాకపోతే ఇంత తక్కువ పులులతో ఒకటి రెండు తరాల్లో ఏదీ తేలదు. ఇప్పటి స్కాట్ నమూనాలు ఫ్రీజర్‌లో భద్రంగా ఉండాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో తీసి పోల్చుకోవాలి.

మొద్దబ్బాయి | మంగళవారం ఉదయం 9:30
ఫ్యామిలీ గ్రూపులో ఇదంతా పెట్టాను. మా బాబాయి అడుగుతున్నాడు: తాడోబా ఆడపులి నల్ల మగపులితో కలిస్తే పిల్లలు నల్లగా పుడతాయా, పసుపుగానా?

లెక్కలమాస్టారు | మంగళవారం ఉదయం 9:44
తండ్రి నుంచి మారిన కాపీ ప్రతి పిల్లకీ వస్తుంది. తల్లిది తాడోబా, అక్కడ ఆ మార్పు లేదు కాబట్టి అటు నుంచి మామూలు కాపీయే. ఒక్కటి చాలదని పైన చెప్పారుగా. కాబట్టి మొదటి కాన్పులో అన్నీ మామూలు చారల పిల్లలే, అన్నీ మోసేవే. వాటిలో ఒకటి పెరిగి మళ్లీ నల్లపులితో కలిస్తే సగం నల్లవి, తనలాంటి మోసే పులితో కలిస్తే నాలుగింట ఒకటి. మొదటి కాన్పులోనే నల్లపిల్ల పుట్టిందని వార్త వస్తే మీ బాబాయిని తండ్రిని అనుమానించొద్దని చెప్పండి. ల్యాబ్‌కోటు గారే ఆ తల్లి నమూనా ఇంకోసారి చదవాల్సి వస్తుంది.